కార్డు ఉండగా కోర్టెందుకు?

1872 నాటి భారత ఒప్పందాల చట్టాన్ని 1899లో సవరించినప్పుడు గోదావరిఖనిలో బొగ్గు బాయే లేదు. అయినా ఆ సవరణ రాసినవారికి ఇక్కడి వడ్డీ వ్యాపారితో ముఖపరిచయం ఉండేదేమోనని అనుమానించక తప్పదు. ఎదుటివాడి మనసును ఏలగల స్థితిలో ఉన్నవాడు ఆ పట్టుతో అన్యాయమైన లాభం పొందితే అది ‘అనుచిత ప్రాబల్యం’ అని 16వ సెక్షన్ నిర్వచించి, ఊరి వడ్డీ వ్యాపారినే ఉదాహరణగా నిలబెట్టింది: అప్పటికే బాకీపడినవాడు అతని దగ్గరే మళ్లీ దారుణమైన షరతులకు అప్పు తీసుకుంటే, అందులో ప్రాబల్యం పనిచేయలేదని రుజువు చేసే భారం వ్యాపారిదే. 19ఏ సెక్షన్ ఉదాహరణలోని వ్యాపారి రైతుకు 100 రూపాయలిచ్చి, నెలకు 6 శాతం వడ్డీతో 200కు పత్రం రాయించుకుంటాడు. కోర్టు దానిని కొట్టివేసి, 100కు న్యాయమైన వడ్డీ మాత్రమే ఇప్పించవచ్చు.

నెలకు 6 శాతమా! నూటికి పది రూపాయల మాట కూడా వినబడే కోల్‌బెల్టులో అతడు సన్మానార్హుడు.

ఇటువంటి ఒప్పందం ‘రద్దుచేయదగినది’, అంటే పుట్టుకతో చెల్లనిది కాదు. నష్టపోయినవాడు వద్దనేదాకా సలక్షణంగా చెల్లుతూనే ఉంటుంది. సింగరేణి ప్రాంతపు వడ్డీ శాస్త్రమంతా ఈ వ్యవధిలోనే కాపురముంటోంది. ఖాళీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కులతో పాటు జీతం పడే ఖాతా ఏటీఎం కార్డు, దాని పిన్ నంబరు వ్యాపారి చేతికి వెళతాయి గనుక, జీతం పడిన రోజున కార్మికుడు బాయిలో మొదటి షిఫ్టు చేస్తుండగా వ్యాపారి ఏటీఎం ముందు వరుసలో నిలబడతాడు. వసూలుకు దావా వేస్తే కదా రుజువు భారం నెత్తికెత్తుకోవలసింది?

కార్డును బ్లాక్ చేయించే తెగువ కార్మికుడు చూపితే ఖాళీ చెక్కు నిండుతుంది, బ్యాంకు నుంచి తిరిగొస్తుంది, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద అతడే నిందితుడవుతాడు. ఇష్టపూర్వకంగా సంతకం చేసి ఇచ్చిన చెక్కులో వివరాలు వేరొకరు నింపినా, అది బాకీ కింద ఇచ్చినదేనన్న ఊహ వర్తిస్తుందని 2019లో బీర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాదని చూపవలసినవాడు సంతకం చేసినవాడే. రుజువు భారానికి కూడా బరువులు మోసి అలవాటున్న భుజమే నచ్చుతుంది కాబోలు.

సింగరేణి 2023-24 లాభాల్లో కార్మికులకు 33 శాతం వాటా ప్రకటించారు. అది ఖాతాలకు చేరింది. కార్డులు ఎవరి జేబుల్లో ఉన్నాయో విచారించే పని మాత్రం ఏ సెక్షనూ ఎవరికీ అప్పగించలేదు.