కాయితం మావయ్య

"డిగ్రీ ఏటల్లుడా, కాయితం ముక్క! పొట్లం కడితే పావు కిలో పకోడీ కూడా పట్టదు."

రోజుకి పదిసార్లు ఈ మాట అంటాడని ఊరంతా ఆయన్ని కాయితం మావయ్య అంటుంది. నరసన్నపేటలో హైవే పక్క టీకొట్టు బల్ల ఆయన పీఠం. ఎదురుగా ఒక కుర్రాడు కూర్చుంటే చాలు, చదువు మీద తీర్పు వచ్చేస్తుంది.

తీర్పు మాత్రం కుర్రాణ్ణి బట్టి. బీటెక్ చేసి ఇంట్లో ఉన్నవాడు దొరికితే, "ఐటీఐ సదివి ఏసీలు బాగుసేసే గుంటడు నీకంటే నయంరా, నాలుగు డబ్బులు సూత్తన్నాడు" అంటాడు. ఆ ఏసీల గుంటడే టీకి వస్తే, "ఓ డిగ్రీ సేసుంటే 2019లో సచివాలయం ఉద్యోగాలు పడినప్పుడు నీకూ ఒకటి తగిలీది కదరా!" అని తెగ నొచ్చుకుంటాడు.

ఫీజు రీయింబర్స్‌మెంటు మాట ఎత్తితే, "ఊరికే వచ్చిన సదువుకి ఇలవేటి?" అని కొట్టిపారేస్తాడు. తన కొడుకు ఫీజు జమ కావడం ఒక్క వారం ఆలస్యమైతే, సర్కారు చదువుల తల్లిని చంపేసిందంటాడు.

"మా రోజుల్లో డిగ్రీ కాయితం మీద విశాఖ ఆంధ్రా యూనివర్సిటీ పేరుండీది. 2008లో ఎచ్చెర్లలోనే యూనివర్సిటీ ఎట్టేశారు. గుమ్మంలోకొచ్చిన సదువుకి గౌరవం ఎవడిస్తాడు?" అన్నదీ ఆయనే. కూతురికి అదే ఎచ్చెర్లలో పీజీ సీటొచ్చిన రోజు బల్ల మీదున్న అందరికీ టీ ఇప్పించిందీ ఆయనే.

వింతేం కాదు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో అగ్నిహోత్రావధాన్లు ఖర్చని మండిపడుతూనే కొడుకుని ఇంగ్లీషు చదువుకి పంపాడు. మావయ్యదీ ఆ గోత్రమే.

మొన్న మాఘంలో కూతురి పెళ్లి కుదిరింది. ఏ సంబంధం వచ్చినా ఆయన మొదటి ప్రశ్న, "కుర్రోడు ఏటి సదివేడు?" శుభలేఖలు అచ్చయి వచ్చాయి. వధూవరుల పేర్ల పక్కన డిగ్రీలున్నాయి, సరే. కింద 'ఆహ్వానించువారు' దగ్గర మావయ్య పేరు పక్కనా బి.ఏ. అని ఉంది! ఆయన బి.ఏ. ఇంగ్లీషు పేపరు దగ్గరే ఆగిపోయిందని పేటంతా ఎరుగును.

"ఇదేటి మావయ్యా?" అన్నాను.

శుభలేఖ అంచులకి పసుపు రాస్తూ, తలెత్తకుండా అన్నాడు:

"కాయితమే గదల్లుడా! కాయితం మీదేసుకుంటే తప్పేటి?"