ఎర్రలు చచ్చాయి కదా అని

మోదుగ గింజల కషాయంలో వానపాము చచ్చిపోవడం కళ్ళారా చూసి, అదే కషాయం పిల్లల కడుపులో నులిపురుగుల్నీ చంపుతుందని నమ్మాను. నమ్మి ఊరుకోలేదు, మా అక్క కూతురికి ఆ గింజలు పెట్టించాను.

ఫార్మసీ చదివే రోజులవి. మా పాయకరావుపేటలో తాండవ ఒడ్డున తడిమట్టి పెళ్ళగిస్తే ఎర్రలు బోలెడు. నర్సీపట్నం వైపు నుంచి గింజలు తెప్పించి, ఎండబెట్టి, దంచి, కషాయం తీశాను. గాజు పళ్ళేల్లో ఒకదాంట్లో ఉప్పునీళ్ళు, ఒకదాంట్లో నులిపురుగుల మాత్ర ఆల్బెండజోల్, ఇంకోదాంట్లో నా కషాయం. ఎర్ర మెలికలు తిరుగుతుంది, మెల్లగా సద్దుమణుగుతుంది. పళ్ళెం కుదిపితేనే కదిలితే పక్షవాతం అని రాసుకోవాలి. 50 డిగ్రీల నీళ్ళలో ముంచినా కదలక, ఒంటి రంగు వెలిసిపోతే చచ్చినట్టు. నా కషాయం మాత్ర కంటే ముందే చంపింది. ఆ సాయంత్రం నా కాళ్ళు నేల మీద ఆనలేదు.

వానపాము చవక, వెతుక్కోనక్కర్లేదు, అందుకే కాలేజీల్లో ఈ పరీక్ష మామూలు. కానీ అది పరాన్నజీవి కాదు, ఏలికపాముకీ కొంకిపురుగుకీ చుట్టమూ కాదు. చర్మంతో ఊపిరి పీల్చే ప్రాణి. చిక్కటి కషాయంలో పడేస్తే మందు గుణంతో పని లేకుండానే చావొచ్చు. ఆల్బెండజోల్ తీరు వేరు: పురుగు కణాల్లోని ట్యూబులిన్‌ని పట్టుకుని, గ్లూకోజు అందకుండా చేసి, రోజుల మీద మాడ్చి చంపుతుంది. అలాంటి మందుతో నేను గడియారం పెట్టి పోటీ పడ్డాను.

2016 నుంచి దేశమంతా ఫిబ్రవరి 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆ మాత్ర ఇస్తున్నారు. "మాత్ర వద్దక్కా, గింజల పొడి బెల్లంలో కలిపి పెట్టు" అన్నాను. "సదూకున్నోడివి, నువ్వు సెప్తే ఇంకేటుందిరా" అంది అక్క. పిల్ల వాంతులు చేసుకుంది. పురుగులు కదులుతున్నాయని చెప్పాను. నేనన్న మాటల్లో నాకు ఎక్కువ సిగ్గేసేది అదే.

కొన్ని నెలలకి పిల్ల మెట్లెక్కితే ఆయాసపడేది. కింది రెప్ప లాగి చూస్తే లోపల తెల్లగా పాలిపోయి ఉంది. మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనబడ్డాయి. ఆ పురుగు పేగు గోడని కరుచుకుని రోజూ నెత్తురు తాగుతుంది. 400 మిల్లీగ్రాముల మాత్ర, ఐరన్ మందు వాడాక తేరుకుంది.

మోదుగ గింజల్లో ఉన్నది పలసోనిన్. దాని నిర్మాణం కాంథారిడిన్‌కి చాలా దగ్గర. ఒంటికి తగిలితే బొబ్బలెక్కించే పెంకుపురుగు విషం ఈ కాంథారిడిన్. ఈ సంగతి పుస్తకాల్లోనే ఉంది. చంపుతుందా అని వెతికాను గానీ, పిల్ల పేగుకి ఏమవుతుందని వెతకలేదు.

మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి ఆధ్వర్యంలో లెడర్లే మందుల కంపెనీలో డీఈసీ తయారైంది. బోదకాలుకి మన కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ పంచిన మందు అది. 1947లో దాని ఫలితాలు వెలువడ్డాయి. వాళ్ళు దాన్ని నిజంగా ఫైలేరియా జాతి పురుగు పట్టిన ఎలుకల మీద, కుక్కల మీద పరీక్షించారు. మొక్క మందుకీ అలాంటి దారే ఉంది. 2007లో నైజీరియాలో 60 మంది పిల్లల్లో కొందరికి తేనెలో బొప్పాయి గింజల పొడి, కొందరికి ఒట్టి తేనె ఇచ్చి, అందరి మలం ముందూ వెనకా చూశారు. చిన్న పరీక్షే. అయినా పోల్చడానికి మందివ్వని పిల్లలు, ముందూ వెనకా మలపరీక్ష, నేను చేయాల్సిన ఈ రెండు పనులూ అందులో ఉన్నాయి.

మోదుగ మీద నాకు ఆశ పోలేదు. గొర్రెల్లో, మేకల్లో ఆల్బెండజోల్ జాతి మందులకి లొంగని పురుగులు ప్రపంచమంతా పెరుగుతున్నాయి, కాపరులకి కొత్త మందు కావాలి. మోదుగ అందుకు పనికొస్తుందా అన్న పరీక్ష పెంటికల్లో గుడ్లు లెక్కపెట్టి చేయాలి, మందు పట్టించని మేకల్ని కూడా పక్కన పెట్టుకుని.