గుమ్మం దగ్గర అరిచింది నేను కాదు

షాంపూ సీసా అడుగున అంటించి ఉండే తెల్లటి ప్లాస్టిక్ ముక్కను మీరు గోటితో గీకి పారేసే ఉంటారు. దాని డొల్లలో వదులుగా పడుకున్న రేకును నేను. ఇనుము, నికెల్, మాలిబ్డినమ్, బోరాన్ కలిసిన ఒళ్లు. మందం సుమారు పాతిక మైక్రాన్లు, మీ తలవెంట్రుక కన్నా సన్నం.

కరిగిన లోహాన్ని గిర్రున తిరిగే చక్రం మీదికి చిమ్మితే, సెకనుకు దాదాపు పది లక్షల డిగ్రీల వేగంతో చల్లారి పుట్టాను. పరమాణువులకు బారులు తీరే వ్యవధే దొరకలేదు. 1960లో కాలిఫోర్నియాలో పోల్ డ్యువెజ్ బృందం బంగారం, సిలికాన్ కలిపి ఇలాంటి లోహాన్నే చేసి చూపించింది. స్ఫటికాలు లేవు కనుక అయస్కాంత క్షేత్రం ఎటు లాగితే అటు ఒదుగుతాను.

నాకో తమ్ముడున్నాడు, ఫైన్‌మెట్. 1988లో జపాన్‌లో హిటాచీ మెటల్స్ వాళ్లు నాలాంటి రేకునే కాల్చి, పది నానోమీటర్ల స్ఫటికాలు మొలిపించారు. క్షేత్రంలో వాడు దాదాపు సాగడు, కుంచించుకోడు. పెద్దమనిషి! నా బతుకు తెరువు మాత్రం వణుకే.

దుకాణం గుమ్మంలోని స్తంభాలు 58 కిలోహెర్ట్జ్ తరంగాన్ని విసిరి, ఆపి, చెవి ఒగ్గుతాయి. అవి ఆపాక కూడా నేను గుడిగంటలా కాసేపు మోగుతాను, మీ చెవికి అందకుండా. పక్కనున్న అయస్కాంతపు పట్టీ నా స్వరం నిలబెడుతుంది. బిల్లు కట్టాక కౌంటర్ మీద రుద్దితే పట్టీ శక్తి పోయి నా స్వరం తప్పుతుంది. అంతే పని.

కోల్‌కతాలో దుర్గాపూజ బజారు రద్దీలో, గరియాహాట్‌లో, బిల్లు కుర్రాడు ఆ ఒక్క పనీ చేయలేదు. ఖరగ్‌పూర్ నుంచి వచ్చిన తెలుగావిడ నా సీసాతో గడప దాటగానే గుమ్మం గీపెట్టింది. గార్డు సంచీ అంతా నలుగురిలో విప్పించాడు. బిల్లు చూసి, "జాన్, దీదీ" (వెళ్లండక్కా) అన్నాడు. క్షమించమన్న మాటే లేదు.

"ఏమైనా మర్చిపోయావా?" అన్నాడు భర్త.

"మర్చిపోయింది వాళ్లండీ!"

పక్క దుకాణం గుమ్మమూ అలాగే అరిచింది. ఆవిడ అక్కడికక్కడే నన్ను పీకి, "దరిద్రగొట్టు ముక్క" అని చెత్తలోకి విసిరింది. అరిచింది గుమ్మం, తిట్లు నాకు!

ఇప్పుడు ధాపా చెత్తగుట్ట మీదున్నాను. ఏరుకునేవాళ్లు ఇనుపముక్కకు వంగుతారు, ప్లాస్టిక్ సీసాకు వంగుతారు. గ్రాము తూగని నాకెవరు వంగుతారు? లోపల నికెల్ ఉందని ఎవరికి చెప్పుకోను? ఆ కుర్రాడు ఒక్కసారి రుద్ది ఉంటే, ఎలాగూ పారేసేదే గానీ, ఆవిడ తిట్టకుండా పారేసేది.