ట్రైలర్ అన్నయ్య

ట్రైలర్ అన్నయ్యని గుర్తుపట్టడం తేలిక. గ్రాండ్ కాన్యన్ ఎలా ఉందన్నా అని అడిగి చూడండి. "సౌత్ రిమ్‌లో ట్రైలర్ విలేజ్ ఉంది, ఫుల్ హుకప్పులు. మాథర్ క్యాంప్‌గ్రౌండ్‌లో మాత్రం కరెంటూ లేదు, కొళాయి కనెక్షనూ లేదు, ముప్పై అడుగులు దాటితే బండిని రానివ్వరు" అంటాడు. లోయ సంగతి రాదు. యెల్లోస్టోన్ అంటే ఆయనకి వేడినీటి బుగ్గలు కాదు, ఆ పార్కు మొత్తానికీ మురుగు గొట్టం తగిలించుకునే వీలున్న ఒకే ఒక్క చోటు ఫిషింగ్ బ్రిడ్జ్. అక్కడ గుడ్డ డేరాలు వేయనివ్వరు, ఎలుగుబంట్లు తిరుగుతాయి కనక. ఆయన కబుర్లలోకి ఎలుగుబంటి వచ్చేది కూడా ఆ దారినే.

మా నార్త్ కరోలినాలో కేరీ, మోరిస్‌విల్ వైపు మనవాళ్లు గుంపుగా ఉన్న ఏ కాలనీలో చూసినా ఇలాంటి అన్నయ్య ఒకడు తగులుతాడు. నలభై అయిదు దాటిన వయసు, ఇరవై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, తండ్రి మాట చెవినెట్టని ఈడుకొచ్చిన పిల్లలు. కోవిడ్ రోజుల్లో విమానమన్నా హోటలు గదన్నా భయపడి అమెరికా అంతా ఆర్వీల మీద, అంటే ఈ చక్రాల ఇళ్ల మీద పడింది. 2021లో ఆరు లక్షల పైచిలుకు ఆర్వీలు ఫ్యాక్టరీ గేటు దాటాయి, అంతకు ముందెన్నడూ లేనన్ని. వాటిలో అత్యధిక భాగం ఇండియానా రాష్ట్రంలోని ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కల తయారైనవే. ఆ ఊపులో కొన్నవాళ్లు కొన్నారు, వాళ్లు విసిగి అమ్మినప్పుడు మిగతావాళ్లు కొన్నారు. అన్నయ్య రెండో రకం.

ట్రావెల్ ట్రైలర్ అంటే ఇంజను లేని ఇల్లు. మంచాలు, పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉంటాయి గానీ కదలాలంటే ముందు కారో పికప్పో ఉండి లాగాలి. గుంటూరులో ఉన్న పెద్దమ్మకి ఈ సంగతి వీడియో కాల్లో చెప్పడానికి ఆయన చాలా శ్రమపడ్డాడు.

"కారవాన్ కొన్నావటగా, సినిమా హీరోల్లాగా!"

"అది వేరు పెద్దమ్మా. దానికి ఇంజనుంటుంది. మనదానికి ఉండదు."

"ఇంజను కూడా లేనిదానికి అంత డబ్బు పోశావా నాయనా!"

ఇలాంటప్పుడు ఆయన తీసే బ్రహ్మాస్త్రం అపోలో 11. 1969లో చంద్రుడి మీద నుంచి దిగొచ్చినవాళ్లని నాసా వాళ్లు ఉంచింది ఒక ఎయిర్‌స్ట్రీమ్ ట్రైలర్‌ని మార్చి చేసిన గదిలోనేననీ, నిక్సన్ అంతటివాడు దాని కిటికీ ముందు నిలబడి మాట్లాడాడనీ చెబుతాడు. నిజమే. "బయటికి రానివ్వకుండా ఉంచడానికి కదండీ అందులో పెట్టింది?" అని వదిన అందిస్తుంది. అదీ నిజమే.

కొనబోయే ముందు ఆయన చదువు గట్టిగానే సాగింది. అర్ధరాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, అరిజోనా ఎడారిలో ఎవరో తాతగారు చక్రాల బేరింగులకి గ్రీజు పట్టించడం యూట్యూబులో కన్నార్పకుండా చూసేవాడు. అంత చదివినవాడిని పడగొట్టడానికి అమ్మేవాడికి ఒక్క వాక్యం సరిపోయింది. "మీ బండి దీన్ని అవలీలగా లాగేస్తుంది సార్."

లాగడం వేరు, మోయడం వేరని ఇంటికొచ్చాక తెలిసింది. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం దాకా కారు వెనక హిచ్ మీద పడాలి. తక్కువైతే హైవే మీద వెనక బండి అటూ ఇటూ ఊగడం మొదలెడుతుంది. 6,000 పౌన్ల ట్రైలరైతే 600 నుంచి 900 పౌన్లు కారు నెత్తిన కూర్చున్నట్టే. డ్రైవరు తలుపు తీస్తే పక్కన చిన్న స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించి ఎక్కించరాదని. హిచ్ మీది బరువు పోగా ఆ అంకెలో మిగిలేది చూసుకునేసరికి అన్నయ్యకి ఇంటిల్లిపాదీ బరువుగా కనిపించడం మొదలైంది. పిల్లల్ని ఎంత తూగుతున్నారని అడిగాడు. వదినని అడగబోయి ఆగాడు. గ్యాలను నీళ్లు 8.3 పౌన్లని చదివి, ట్యాంకు నింపకుండా బయల్దేరదామన్నాడు. బాత్రూములో ఉండాల్సిన తూకం మిషను వంటింట్లోకొచ్చింది. సోనా మసూరి సంచీ, వెట్ గ్రైండరు, ఆవకాయ జాడీలు ఒక్కొక్కటీ దానిమీదకెక్కి దిగాయి.

ఆ వారమే ఇద్దరూ కూర్చుని 1954 నాటి "ది లాంగ్, లాంగ్ ట్రైలర్" చూశారు. లూసిల్ బాల్, డెసీ ఆర్నాజ్ కొత్త దంపతులు. ఆవిడ దారిపొడవునా పెద్ద పెద్ద రాళ్లు ఏరి ట్రైలర్లో పెట్టుకుంటుంది, పైగా తను ఊరబెట్టిన పళ్ల సీసాలు. కొండ ఎక్కేముందు అన్నీ పారేయమంటాడు మొగుడు, ఆవిడ పారేయదు. అన్నయ్య సినిమా ఆపి అర్థవంతంగా వదిన వైపు చూశాడు. "రాళ్లయితే నేనూ పారేద్దునండీ" అంది వదిన. జాడీలు బయల్దేరాయి, గ్రైండరు దిగిపోయింది. ఏ కాపురంలోనైనా ఒప్పందం ఇలాగే కుదురుతుంది.

గుళ్లో వాహన పూజ దగ్గర కొత్త చిక్కు. ఇది ఒక వాహనమా, రెండా అని పూజారిగారు అడిగారు. ఒకటైతే ఒక టికెట్టు, నాలుగు నిమ్మకాయలు. రెండైతే రెండు టికెట్లు, ఎనిమిది నిమ్మకాయలు. బొట్టు పెట్టడానికి వెనకదానికి బానెట్టు లేదు, చివరికి గ్యాసు సిలిండర్ల మూతకి పెట్టారు. నిమ్మకాయల మీద నుంచి బండిని ముందుకే పోనివ్వాలి కాబట్టి ఆ రోజుకి పరువు దక్కింది.

ఎందుకంటే వెనక్కి తీయడం ఆయనకింకా రాదు. స్టీరింగు కుడికి తిప్పితే ట్రైలర్ ఎడమకి పోతుంది. కాస్త ఎక్కువ తిప్పితే కారూ ట్రైలరూ రెండుగా మడతపడతాయి. క్యాంప్‌గ్రౌండ్లలో సాయంకాలపు వినోదమంతా ఇదే. అందరూ కుర్చీలు వేసుకుని, చేతిలో కాఫీతో, కొత్తగా వచ్చినవాడు తన చోట్లో బండి పెట్టుకోవడం చూస్తారు. పెద్ద పార్కుల్లో రాత్రి పది దాటితే నిశ్శబ్దం పాటించాలి. అన్నయ్యవాళ్లు తొలిసారి చేరింది పదింపావుకి.

"కుడికండీ!"

"నా కుడికా, నీ కుడికా?"

"ట్రైలర్ కుడికి!"

"ట్రైలర్‌కి కుడి ఎటు?"

చుట్టూ నాలుగు ట్రైలర్లలో దీపాలు వెలిగాయి. అప్పటిదాకా పిక్నిక్ బల్ల మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్న వదిన నాన్నగారు లేచారు. విజిటర్ వీసా మీద వచ్చిన మనిషి. చోడవరం వైపు పాతికేళ్లు చెరకు ట్రాక్టరు తోలారు, ఫ్యాక్టరీ దగ్గర వందల బళ్ల మధ్య ట్రక్కుని వెనక్కి పెట్టడం ఆయనకి నిత్యకృత్యం. "అల్లుడుగారూ, స్టీరింగు అడుగున చెయ్యి పెట్టండి. ట్రక్కు ఎటు పోవాలో చెయ్యి అటు జరపండి. అద్దంలో చూడండి, అమ్మాయి వైపు చూడకండి" అన్నారు. తర్వాత ట్రైలర్ ఒంటిమీద అరచేత్తో దబదబా రెండు దెబ్బలు వేసి, "రానీ... రానీ... రానీ... చాల్!" అన్నారు. బండి గీత గీసినట్టు వెళ్లి కూర్చుంది. అడుగున చెయ్యి పెట్టమన్న మాట అన్నయ్య చూసిన వీడియోలన్నిట్లోనూ ఉన్నదే. వాటిలో ఒంటిమీద కొట్టి రానీ అనేవాడు లేడు, అంతే తేడా. మావయ్యగారు ఆ పొడుగాటి తెల్ల పెట్టె చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "దీంట్లో లోడేం వేస్తారు?" అని అడిగారు. "మమ్మల్నేనండీ" అన్నాడు అన్నయ్య.

బండి నిలబెట్టగానే అయిపోలేదు, అప్పుడు రసమట్టం బయటికొస్తుంది. ముందు చక్రాల కింద పలకలు పెట్టి కుడి ఎడమలు సమం చేయాలి, తర్వాత చక్రాలకి అడ్డుదిమ్మలు, ఆ తర్వాతే కారు నుంచి విడదీయడం, చివర్న జాకీతో ముందు వెనకలు. వరస తప్పితే ఇల్లు కదిలిపోతుంది. గ్యాసు మీద నడిచే పాతరకం ఫ్రిజ్ వాలుగా ఉంటే సరిగా చల్లబడదు. ఇన్ని కారణాలున్నా, నేల మీద బోర్లా పడుకుని ఆ గాజుగొట్టంలో బుడగని కళ్లార్పకుండా చూసే అన్నయ్యని చూస్తే, ఫ్రిజ్ ఒక వంక మాత్రమేనని నా అనుమానం.

కరెంటు దగ్గర మాత్రం పాత రోజులు తిరిగొస్తాయి. 30 ఆంపుల ప్లగ్గు అంటే 120 వోల్టుల దగ్గర 3,600 వాట్లు. ఏసీ తిరుగుతూ, నీళ్లు కాగుతూ ఉండగా మైక్రోవేవ్ పెట్టి మిక్సీ వేస్తే చీకటే. అందుకని టెక్సాస్ ఎండల్లో, నార్త్ కరోలినా ఉక్కలో లక్షలు పోసిన ఇంట్లో వదిన కేకేసి అడుగుతుంది, "కొబ్బరి పచ్చడి వేయనా?" అని. "ఆగు, ఏసీ ఆపుతున్నా" అని బయటి నుంచి అనుమతి వస్తుంది. తిరగమోత వేస్తే పొగ అలారం మోగుతుంది. దానికి అనుమతులు లేవు, తువ్వాలు పట్టుకుని పిల్లల్లో ఒకరు కింద నిలబడాలి.

ఇక అసలు అధ్యాయానికొస్తాను. భోజనం చేస్తూ చదువుతున్నవాళ్లు ఈ పేరా దాటేయొచ్చు. ట్రైలర్ అడుగున మూడు ట్యాంకులుంటాయి. మంచినీళ్లది ఒకటి, స్నానాల నీళ్లది ఒకటి, పేరు చెప్పనక్కర్లేనిది ఒకటి. దాన్ని బ్లాక్ ట్యాంక్ అంటారు. మురుగు గొట్టం తగిలించి ఉంది కదా అని దాని వాల్వు తెరిచి ఉంచేస్తారు కొత్తవాళ్లు. నీళ్లు మాత్రం జారిపోతాయి, మిగిలింది మిగిలి గుట్టపడి గట్టిపడుతుంది. వాల్వు మూసి, మూడింట రెండొంతులన్నా నిండాక, ముందు దీన్ని వదిలి, వెనకాల స్నానాల నీళ్లు వదిలి గొట్టం కడగాలి. ఎంత నిండిందో చూపించే దీపాలు లోపల కాగితం అతుక్కుని అబద్ధాలు చెబుతాయి. ఇదంతా తెలిశాక అన్నయ్య ఒక చట్టం చేశాడు, లోపలిది అత్యవసరానికి మాత్రమేనని. వంటగట్టుకి రెండడుగుల దూరంలో ఆ గదేమిటని మొదటినుంచీ మొహం చిట్లిస్తున్న అత్తగారు ఈ ఒక్క విషయంలో అల్లుణ్ని సమర్థించారు. దాంతో, సొంత మరుగుదొడ్డి కోసమే ట్రైలర్ కొన్న కుటుంబం తెల్లారగట్ల టార్చిలైట్లు పట్టుకుని క్యాంప్‌గ్రౌండు బాత్రూముల వైపు వరసగా నడుస్తూ కనిపిస్తుంది.

అయినా ఎవరో ఒకరు రాత్రి చట్టం మీరతారు. ఆఖరి రోజు డంప్ స్టేషన్లో అన్నయ్య మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, వెనక నాలుగు బళ్లు వేచి ఉండగా, గొట్టం బిగించి, వాల్వు లాగుతాడు. ఇరవై ఏళ్లుగా ఆయన చేసిన ఏ పనీ చేతికి అంటుకున్నది కాదు. ఇది అంటుకుంటుంది. పని సవ్యంగా పూర్తయినప్పుడు ఆయన మొహంలో కనిపించే తృప్తి ప్రమోషన్ వచ్చిన రోజున కూడా లేదని వదిన అంటుంది, నేను నమ్ముతాను. ఆయన ఉద్యోగంలో ఏది చెడినా మీటింగు పెడతారు. ట్రైలర్లో చెడితే నీళ్లు కారతాయి, రెంచి తిప్పితే ఆగుతాయి.

తిరిగొచ్చాక దాన్ని ఇంటి ముందు పెట్టుకోనివ్వరు. కాలనీ అసోసియేషన్ ఉత్తరం రాస్తుంది. ఊరి చివర నెలకింతని అద్దె కట్టి స్టోరేజీలో ఉంచి, హాస్టల్లో వేసిన పిల్లాణ్ని చూడబోయినట్టు ఆదివారాలు వెళ్లొస్తాడు. దారిలో డర్హమ్ పేరు వింటే చాలు ఉలిక్కిపడతాడు. అక్కడ గ్రెగ్‌సన్ వీధి మీది రైలు వంతెన ఎత్తు ఏళ్ల తరబడి 11 అడుగుల 8 అంగుళాలే, దాని కింద దూరబోయి పైకప్పు ఒలిపించుకున్న ట్రక్కులు కోకొల్లలు. 2019లో ఎనిమిది అంగుళాలు లేపినా తగిలించుకునేవాళ్లు తగిలించుకుంటూనే ఉన్నారు. అన్నయ్య నిచ్చెనేసి ఏసీతో సహా తన బండి ఎత్తు కొలిచి, కాగితం మీద రాసి డాష్‌బోర్డుకి అంటించాడు. ట్రైలర్ తగిలించని రోజున, ఉత్త కారుతో కూడా, వంతెన కనబడితే ఆ కాగితం చూసుకుంటాడు.

ఆయనకి పుట్టుకతో వచ్చిన విద్య ఒక్కటే, బుకింగ్. జాతీయ పార్కుల్లో చాలా క్యాంప్‌గ్రౌండ్లకి ఆర్నెల్ల ముందు, తూర్పు తీరపు టైము ఉదయం పదింటికి తలుపులు తెరుచుకుంటాయి. మన రైల్వే తత్కాల్లో ఏసీ టికెట్లు తెరుచుకునేదీ పదింటికే. తెల్లవాళ్లు కాఫీ కలుపుకుని నింపాదిగా కూర్చునేలోగా అన్నయ్య రెండు లాప్‌టాపులు, వదిన ఫోనూ కలిపి పని ముగించేస్తారు.

మొదటి చలికాలం పోయాక ఆయన పద్ధతి మారుతుంది. గొట్టాల్లో గులాబీరంగు యాంటీఫ్రీజ్ పట్టించడం తెలుసు, కాకపోతే ఒక కొళాయిని మర్చిపోయి ఉంటాడు. వసంతంలో అది కారుతుంది, తనే బాగుచేస్తాడు, దాంతో పండితుడైపోతాడు. ఇప్పుడు కాలనీలో కొత్తగా ఎవరు కొన్నా ముందు ఆయనకే ఫోను. "అన్నా, కింద నుంచి ఏదో కారుతోంది" అని అవతలివాడు ఏడుపుగొంతుతో అంటాడు. "ఏ రంగులో?" అని అడిగే అన్నయ్య గొంతులో ఆనందం దాచినా దాగదు.

కాబట్టి మీకూ ట్రైలర్ కొనాలని ఉంటే అమ్మేవాడి దగ్గరికి వెళ్లేముందు మీ ఊరి అన్నయ్య దగ్గరికి వెళ్లండి. ఒక శనివారం పూర్తిగా కేటాయించుకోండి, మీ కారు తలుపు పక్కన స్టిక్కరు ఫోటో తీసుకెళ్లండి. చేతి తొడుగులు మాత్రం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.