మంచులో మొరాయించే కెమెరాకు నాటువైద్యం

డిసెంబరు వచ్చిందంటే శని, ఆదివారాల్లో నర్సీపట్నానికి అర్ధరాత్రి కూడా నిద్ర ఉండదు. విశాఖ నుంచి, రాజమండ్రి నుంచి వచ్చిన కార్లు వరసకట్టి లంబసింగి ఘాట్ ఎక్కుతుంటాయి. ప్రతి కారులో ఒక కెమెరా, అన్నీ తెలిసిన బావమరిది ఒకడూ ఉంటారు. ఈ సలహాలు ఆయన కోసమే.

దాదాపు 1,000 మీటర్ల ఎత్తున, తెల్లారుజాము చలిలో బ్యాటరీ చటుక్కున పడిపోతుంది. చలికి లోపలి రసాయన చర్య మందగిస్తుందనీ, కాసేపు చొక్కా జేబులో ఉంచితే మళ్ళీ లేస్తుందనీ చాదస్తులు చెబుతారు. వినకండి. పక్కనే చలిమంట ఉందిగా, కాచండి. మంటలో పెడితే పేలుతుందని బ్యాటరీ మీదే రాసుంటుంది గానీ, అంత చిన్న అక్షరాలు చీకట్లో ఎవరు చదువుతారు?

తెల్లటి పొగమంచు ఫొటోలో బూడిదరంగులో పడుతోందా? కెమెరా మీటరు దేన్ని చూసినా నడిమి బూడిదరంగే అనుకుంటుంది. ఎక్స్‌పోజర్‌ను ప్లస్ 1 దాకా పెంచితే తెలుపు తెలుపుగా పడుతుంది. ఆ బటన్ జోలికి మాత్రం పోవద్దు. ఫ్లాష్ వేయండి. గాల్లోని ప్రతి నీటితుంపరా ఆ వెలుగును తిరిగి మీ ముఖానే కొడుతుంది. ఎదుట ఉన్న మరదలు మాయమై, ఫొటో నిండా తెల్లటి చుక్కలు పడతాయి. ఇదే అదను! ‘లంబసింగిలో హిమపాతం’ అని వాట్సాప్‌లో వదలండి. ఆంధ్రా కాశ్మీర్ అన్న పేరు ఊరికే వస్తుందా? మంచు కురవకపోతే మనమే కురిపించాలి. వచ్చే వారం ఇంకో వంద కార్లు ఘాట్ ఎక్కుతాయి, ట్రాఫిక్‌లో ఇరుక్కుంటాయి, వాటిలోనూ ఫ్లాష్‌లుంటాయి.

చెరువులవేనం దగ్గర గంటసేపు చలిలో తిప్పిన కెమెరాను నేరుగా హీటర్ వేసిన కారులోకి తేండి. అద్దం చెమర్చగానే తువ్వాలు చెంగుతో తుడవండి. చెమ్మ లోపలికి దిగితే లెన్సు విప్పి నోటితో ఊదండి. కాస్త ఉమ్మి పడినా సెన్సరేం అలగదు. బయటే ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగిస్తే తేమ కవరుకే పడుతుందట. కెమెరా వెచ్చబడేదాకా తీయకూడదట. అంతసేపు ఫొటోలు చూడకుండా ఆగడం మనిషన్నవాడి వల్లవుతుందా?

కార్డు ఎర్రర్ చూపిస్తే ఫార్మాట్ నొక్కండి. చెరిగినవి కార్డులో ఇంకా దాగి ఉంటాయనీ, పైన కొత్తవి తీయకుంటే రాబట్టుకోవచ్చనీ అనుమానం వస్తే, వెంటనే ఘాట్ రోడ్డంతా వీడియో తీసేయండి.

ఇల్లు చేరాక తడి ఆరకముందే తోలుసంచిలో కుక్కి బీరువాలో పడేయండి. మన కోస్తా ఉక్కపోతకు లెన్సులో బూజు దర్జాగా అల్లుకుంటుంది. సిలికాజెల్ పొట్లాలు చెప్పుల డబ్బాలో రావడమే తప్ప మరెందుకూ పనికిరావు.

ఇంత చేసినా కెమెరా ఇంకా పనిచేస్తూనే ఉంటే, ఆ తప్పు మీది కాదు, కంపెనీవాళ్ళదే.