వెనకవాడి లైటు

అద్దాలకు ఒక గుడ్డ, స్టీరింగుకు మరో గుడ్డ పెట్టి పొద్దున్నే కారు తుడుచుకునే మనిషి, వెనక బ్రేకు లైటు వెలగడం లేదని చెబితే మాత్రం "వెలుగుతుందిలేవోయ్" అంటాడు. పాతకారు బాబాయిగారిని గుర్తుపట్టడానికి ఈ ఒక్క ఆనవాలు చాలు. హైదరాబాదులో కాస్త వయసొచ్చిన ఏ కాలనీలో చూసినా ఈయన ఒకరుంటారు. ఉద్యోగం నుంచి రిటైరై ఉంటారు, కారు మాత్రం ఇంకా రిటైర్ కాదు.

మా కాలనీ బాబాయిగారిది 1999 మోడల్ మారుతి 800. సొంత బండికి పదిహేనేళ్ళు నిండితే రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్ళకొకసారి పొడిగించుకోవాలి. 2014లో కంపెనీవాళ్ళు ఆ మోడల్‌కి మంగళం పాడేస్తే, సరిగ్గా అదే ఏడాది ఈయన తన బండికి ఇంకో అయిదేళ్ళ ఆయుష్షు పోయించుకొచ్చారు. ఆ తర్వాత 2019లో, మళ్ళీ 2024లో. బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందు బండి పెట్టాల్సిన రోజున తప్ప బ్రేకు లైటన్నది ఆయనకు గుర్తే రాదు.

ఇందులో ఆయన లెక్క ఆయనకుంది. హెడ్‌లైటు తనకు దారి చూపిస్తుంది. హారన్ తనకు దారి ఇప్పిస్తుంది. మరి బ్రేకు లైటు? అది వెనక వచ్చేవాడి కోసం. వాడికి కళ్ళు లేవా, బ్రేకు లేదా?

అయినా ఆయన్ని తప్పుపట్టలేం. కారులో యజమాని కంట పడనిది ఆ ఒక్క లైటే. తొక్కేవాడికి కనిపించదు, కనిపించేవాడు తొక్కలేడు. అందుకని ఆదివారం నాడు పిన్నిగారు పొయ్యి మీద పప్పు సిమ్‌లో పెట్టి వచ్చి డ్రైవరు సీట్లో కూర్చోవాలి. బాబాయిగారు బనియనుతో, భుజాన తువ్వాలుతో, స్క్రూడ్రైవర్లున్న డాల్డా డబ్బాతో వెనక చేరతారు.

"తొక్కు."

"తొక్కాను."

"గట్టిగా తొక్కు."

"ఇంతకన్నా గట్టిగా తొక్కితే కాలు రోడ్డు మీదకొస్తుంది. అయినా ఇదంతా ఎందుకండీ? రాత్రిపూట కారు వెనక భాగం గోడవైపు పెట్టి తొక్కితే గోడ మీద ఎర్రగా పడదూ? అద్దంలో మీకే కనిపిస్తుంది."

నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ అలా చూసుకుంటే చుట్టూ మనుషులు పోగవరు. ఆదివారం అన్నదానికి అర్థం ఏముంటుంది?

కుడివైపు వెలిగింది, ఎడమవైపు వెలగలేదు. పక్కింటి కుర్రాడు సైకిల్ దిగకుండానే, "తాతగారూ, బ్రేక్ తొక్కినప్పుడు ఆ పక్కనున్న ఇండికేటర్ కొంచెం కొంచెం వెలుగుతోంది" అన్నాడు. రోగం పేరు పెట్టి చెప్పినంత పని చేశాడు. ఎర్త్ సరిగా లేకపోతే కరెంటు తన దారి మూసుకుపోయి పక్క బల్బులోంచి దొంగదారిన వెళ్తుంది. ఎలక్ట్రీషియన్లు ఈ గుర్తు కోసమే చూస్తారు. బాబాయిగారు మాత్రం కుర్రాణ్ణి, "నువ్వు చదువుకోపో" అన్నారు.

తర్వాత టెస్టర్ తీశారు. ఇంట్లో స్విచ్‌బోర్డుకు వాడే టెస్టర్! అది 230 వోల్టులకు వెలిగేది. కారు బ్యాటరీ 12 వోల్టులది. ఏ తీగకు ఆనించినా అది కిమ్మనలేదు. "చూశావా, కరెంటే రావట్లేదు" అని ఆయన నా వైపు గర్వంగా తిరిగారు. ఆపైన బల్బు విప్పి చూశారు. ఒకే బల్బులో రెండు ఫిలమెంట్లు, రాత్రి వెలిగే 5 వాట్లది ఒకటి, బ్రేకుకు వెలిగే 21 వాట్లది ఒకటి. రెండూ చక్కగా ఉన్నాయి. ఇక మిగిలింది టెస్టర్ మొనతో హోల్డర్ లోపల కెలకడం. "తొక్కే ఉంచు!" అంటూ కెలికారు. మొన అటు లోపలి పాయింటుకూ ఇటు బాడీకీ ఒకేసారి తగిలింది. చిటుక్కుమంది. కుడివైపు లైటు కూడా ఆరిపోయింది.

"పోతే పోనీ" అనబోయి ఆయన ఎందుకో హారన్ నొక్కి చూశారు. చప్పుడు లేదు.

ఆ కారులో హారన్‌కీ బ్రేకు లైటుకీ ఫ్యూజ్ ఒకటే. ఒంటికన్నుతో నెలల తరబడి తిరిగిన బండి, గొంతు పోయేసరికి గంటలో ఎలక్ట్రీషియన్ దగ్గరుంది. హారన్ లేకుండా హైదరాబాదులో బండి నడపడమా? బనియను మీద చొక్కా గుండీలు కూడా కారులోనే పెట్టుకున్నారు.

షాపతను అడిగింది ఒక్కటే మాట. "మొదట రెండు పక్కలా పోయిందా సార్, ఒక్క పక్కనా?" రెండూ పోతే ఫ్యూజో, పెడల్ పైనుండే స్విచ్చో చూడాలి. ఒకటే పోతే బల్బో, ఎర్తో. బాబాయిగారు 1999లో షోరూం గుమ్మం దగ్గర కొబ్బరికాయ కొట్టిన ఘట్టం నుంచి జవాబు మొదలుపెట్టారు. ఆయన తిరుపతి ప్రయాణం దాకా వచ్చేసరికి అతను ఫ్యూజ్ మార్చి, తుప్పు పట్టిన ఎర్త్ పాయింటు ఉప్పుకాగితంతో గీకి, తీగ బిగించి, చేతులు తుడుచుకుంటున్నాడు.

"ఎర్త్ పోయింది సార్. తుప్పు పట్టింది."

"నేనూ అదే అనుకున్నా" అన్నారు బాబాయిగారు. కుర్రాడు అక్కడ లేకపోవడం ఆయన అదృష్టం.

అప్పట్నుంచీ ఆయన కన్ను ఊళ్ళోవాళ్ళ బ్రేకు లైట్ల మీద పడింది. మొన్న నేనూ ఆయనా మెహిదీపట్నం వైపు వెళ్తుంటే సిగ్నల్ దగ్గర ముందున్న పాత ఇండికాకు ఒక లైటు వెలగలేదు. అందులోని అతను అద్దం దించేదాకా హారన్ కొట్టి, "బ్రేకు లైటు చూసుకోవయ్యా, వెనకవాడు ఏమైపోవాలి?" అని కేకేశారు. అతనేదో గొణిగాడు. "ఎర్త్ అయ్యుంటుంది, ఉండుండు" అంటూ బాబాయిగారు కారు దిగిపోయారు. సిగ్నల్ పచ్చబడింది. ఇండికా వెళ్ళిపోయింది. మా వెనక బండ్లన్నీ హారన్ కొడుతున్నాయి, ఆయనేమో డిక్కీలో తలపెట్టి టెస్టర్ కోసం వెతుకుతున్నారు.