బల్ల మీది వ్రాత: టీకా తాత్పర్య సహితం

మూలం

ఓడినట్టి వేళ నోర్చుకొమ్మని లేపు
బల్లమీది వ్రాత యెల్లవేళ
గద్దె గెలిచినట్టి ఘనుడెవ్వడైనను
మరల లేవవలయు మరునిమిషము

అవతారిక

ఈ పద్యానికి జన్మస్థానం గుంటూరు బ్రాడీపేటలో ఒక సందు చివరి వీడియో గేముల కొట్టు. రెండు టీవీలు, రెండు ప్లేస్టేషన్లు, నాలుగు ప్లాస్టిక్ స్టూళ్లు. గోడకు నల్లరంగు పూసిన చెక్కబల్ల, దాని మీద సుద్దముక్కతో మూడు వాక్యాలు: ఓడినవాడు లేవాలి. అరువు లేదు. ఎడ్డీని తీసుకోరాదు.

మొదటి వాక్యాన్ని ఆటవెలదిలో పెట్టినవాణ్ని నేనే. కనుక కవిహృదయం నాకు కొంత తెలుసు. మొత్తం తెలుసునని చెప్పుకోను, ఎందుకంటే రాసిన పూట నా దృష్టి ఛందస్సు మీద లేదు. అప్పుడే ఓడి లేచి గోడకానుకుని నిలబడి ఉన్నాను. రెండో వాక్యం అర్థశాస్త్ర విషయం, వదిలేద్దాం. మూడోది మాత్రం ధర్మశాస్త్రం. టెక్కెన్ 3లో ఎడ్డీ గోర్డో అనే బ్రెజిల్ వీరుడున్నాడు, కపోయిరా విద్యలో దిట్ట. కాలి బటన్లు రెండూ ఎడాపెడా నొక్కితే చాలు, నొక్కేవాడికి ఓనమాలు రాకపోయినా అతను తలకిందులుగా తిరుగుతూ తంతాడు. ఆరునెలలు సాధన చేసినవాణ్ని ఆ ఉదయమే కొట్టు గడప తొక్కినవాడు చిత్తు చేయడం ధర్మగ్లాని. అందుకే నిషేధం.

ప్రతిపదార్థం

ఓడినట్టి వేళన్ = ఓడిపోయిన సమయంలో; ఓర్చుకొమ్ము + అని = సహించుకో నాయనా అని; ఎల్లవేళ = పవర్ కట్ లేని వేళలన్నిటా; బల్లమీది వ్రాత = చెక్కబల్ల మీద సుద్దరాత; లేపు = లేవగొడుతుంది; గద్దె = స్టూలును; గెలిచినట్టి = సంపాదించిన; ఘనుడు + ఎవ్వడైనను = ఎంతటి మొనగాడైనా; మరునిమిషము = తరువాతి ఆటలోనే; మరల = అతను కూడా; లేవవలయు = లేవక తప్పదు.

తాత్పర్యం

ఓడినవాడు లేవాలి. గెలిచినవాడు కూడా లేస్తాడు, కాస్త ఆగి.

విశేషాంశాలు

"ఓడినట్టి": ఎన్నిసార్లు ఓడితే ఓడినట్టు? బ్రాడీపేట సంప్రదాయంలో ఒక్కసారి. లాస్ వెగాస్ సంప్రదాయంలో రెండుసార్లు. 1996లో కాలిఫోర్నియాలోని సన్నీవేల్‌లో 'బ్యాటిల్ బై ది బే' అనే పేరుతో చిన్నగా మొదలై, 2002లో 'ఎవో' అయి, తరువాత లాస్ వెగాస్ చేరిన పోటీ ఈ కొట్లాట ఆటల విద్యకు కాశీపట్నం. అక్కడ ఒకసారి ఓడినవాణ్ని ఇంటికి పంపరు, లూజర్స్ బ్రాకెట్ అనే దిగువ పంక్తిలోకి దించుతారు. ఆ పంక్తిలోంచి పాకుతూ ఫైనల్‌కు వచ్చినవాడు అవతలివాణ్ని రెండు విడతలు ఓడించాలి, ఎందుకంటే అవతలివాడికి ఇంకా ఒక ఓటమి బాకీ ఉంది. 2017లో స్ట్రీట్ ఫైటర్ 5 ఫైనల్లో జపాన్ ఆటగాడు టోకిడో ఆ బాకీ పూర్తిగా వసూలు చేశాడు. ఓడిన అమెరికా కుర్రాడు పంక్ వేదిక మీదే కంటతడి పెట్టాడు. అతను 2024లో స్ట్రీట్ ఫైటర్ 6లో అదే ఎవో గెలిచాడు. నడుమ ఏడేళ్లు. మా కొట్టులో మళ్లీ వంతు రావడానికి ఇరవై నిమిషాలు పట్టేది, అదే యుగంలా ఉండేది.

"ఓర్చుకొమ్మని": పద్యానికి ప్రాణం ఈ పదం. ఓర్చు అంటే సహించు అని మనకు తెలుసు. పాత తెలుగులో ఓర్చు అంటే గెలుచు, ఓడించు అని కూడా. శత్రువుల నోర్చెను అంటే వాళ్లను భరించాడని కాదు, పడగొట్టాడని. సహించడమూ గెలవడమూ ఒకే ధాతువులో ఎలా ఇమిడాయో నాకు వ్యాకరణం వల్ల బోధపడలేదు. 2004 నాటి ఒక ఆట చూశాక బోధపడింది.

ఆ ఏడు ఎవో కాలిఫోర్నియాలోని పొమోనాలో జరిగింది. స్ట్రీట్ ఫైటర్ 3 థర్డ్ స్ట్రైక్, లూజర్స్ ఫైనల్. ఇటు జపాన్ నుంచి ఉమెహరా డైగో, పాత్ర కెన్. అటు అమెరికా నుంచి జస్టిన్ వాంగ్, పాత్ర చున్‌లీ. ఆ రోజుల్లో ఈ విద్యలో దేశవైరం అంటే ఈ రెండు దేశాలదే. కెన్ ప్రాణం గీత మీద వెంట్రుకవాసి మిగిలింది. ఇక్కడ శాస్త్రం కొంచెం తెలియాలి. దెబ్బ తప్పించుకోవడానికి ఎవరైనా చేసేది ఆట నడిపే కర్రను, అంటే జాయ్‌స్టిక్‌ను, వెనక్కి లాగడం. దాన్ని కాచుకోవడం అంటారు. కానీ పెద్ద దెబ్బల్ని కాచుకున్నా ప్రాణం కొద్దికొద్దిగా అరుగుతుంది. వెంట్రుకవాసి ప్రాణం ఉన్నవాడు కాచుకున్నా చచ్చినట్టే. జస్టిన్‌కు ఇది తెలుసు, అందుకే చున్‌లీ మహాస్త్రాన్ని వదిలాడు: వరసగా పదిహేను తన్నులు.

మిగిలిన దారి ఒక్కటే, ప్యారీ. దెబ్బ తగిలే క్షణాన కర్రను వెనక్కి కాదు, ముందుకు, దెబ్బ వైపుకే తట్టాలి. క్షణం ముందు తట్టినా వెనక తట్టినా అయిపోయినట్టే. పైగా మొదటి తన్నుకు, అస్త్రం మెరుపు కనబడ్డాక తట్టితే ఆలస్యం. వస్తుందని ముందే పసిగట్టి తట్టి ఉండాలి. డైగో పదిహేను తన్నులకూ ఎదురుతట్టాడు, చివరిదాన్ని గాల్లోకి ఎగిరి అందుకున్నాడు. దిగుతూనే తన వరస దెబ్బలు మొదలుపెట్టి, తన మహాస్త్రంతో ముగించాడు. ఆ వీడియోలో జనం అరుపు వింటే టీవీ పక్కన గిన్నెలు కదిలినట్టుంటుంది. ఓర్చుకొమ్ము అన్న మాటకు సహించు, గెలువు అనే రెండర్థాలూ ఒకే పదిహేను తన్నుల్లో దృశ్యమయ్యాయి. కవి ఇంత ఆలోచించి రాశాడా అంటే, లేదు. యతి కోసం వేశాడు.

ఇంతకూ ఆ పోటీ గెలిచింది డైగో కాదు. ఫైనల్లో సాటి జపాన్ ఆటగాడు ఒబాటా కెంజీ చేతిలో ఓడాడు. లోకమంతా లూజర్స్ ఫైనల్ వీడియో చూస్తుంది, విజేత పేరు అడిగితే నీళ్లు నములుతుంది.

"లేపు": లేచు ధాతువుకు ప్రేరణార్థకం. కానీ వాడుకలో లేపేశాడు అంటే కొట్టేశాడని, చంపేశాడని కూడా. బల్ల మీది రాత ఓడినవాణ్ని ఏ అర్థంలో లేపుతుంది? డైగో విషయంలో రెండూ. ఆ తరువాత కొన్నాళ్లకు అతను ఆట వదిలేశాడు. మాజాంగ్ బల్ల దగ్గర కొంతకాలం కూర్చుని, అదీ వదిలి, వృద్ధుల సంరక్షణ గృహంలో పనికి చేరాడు. లేవలేని ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టే పని. స్ట్రీట్ ఫైటర్ 4 వచ్చాక మళ్లీ కర్ర పట్టి 2009, 2010లలో వరసగా ఎవో గెలిచాడు. 2009 ఫైనల్లో ఎదురుగా కూర్చున్నది జస్టిన్ వాంగే.

"బల్లమీది వ్రాత": నుదుటిరాతను తుడవలేం, సుద్దరాతను తుడవొచ్చు అని ఒక ఆక్షేపం. తుడిచి చూడండి, యజమాని మళ్లీ రాస్తాడు, ఈసారి ఇంకా పెద్ద అక్షరాలతో. నియమం మనిషిని చూడదు. 2015 ఎవో ఫైనల్లో జపాన్ ఆటగాడు మొమోచి తైవాన్ ఆటగాడు గేమర్‌బీతో తలపడుతూ ఉండగా అతని కర్ర మొరాయించింది. ఆట ఆగింది. తప్పు యంత్రానిదే అయినా రాత ప్రకారం ఆ రౌండు అతనిదే పోయింది. వేరే కర్ర తెచ్చుకుని కూర్చుని గెలిచాడు. (మా కొట్టులో కంట్రోలర్ వైరు ఊడితే ఆట మళ్లీ మొదటినుంచి. ఓడబోయేవాళ్ల కాళ్లకే ఆ వైరు ఎందుకు తగిలేదో శాస్త్రకారులు చెప్పలేదు.)

"గద్దె": నిఘంటువుల్లో సింహాసనం. మేడారంలో సమ్మక్క సారలమ్మలు కొలువుదీరే చోటు. బ్రాడీపేటలో ఒక కాలు చీలి, సైకిల్ ట్యూబుతో కట్టిన ఎర్ర స్టూలు. ఏ పాఠం తీసుకున్నా అర్థం ఒకటే: ఒక్కరికే చోటు.

టెక్కెన్ గద్దె చాలాకాలం కొరియాది. టెక్కెన్ 7లో 2017 ఎవో గెలిచింది కొరియావాడు జేడీసీఆర్, 2018లో గెలిచింది కొరియావాడు లోహై. అందరికంటే పెద్ద పేరు బే జేమిన్, అతని ఆటపేరు నీ, అనగా ఆంగ్లంలో మోకాలు. తెలుగు వ్యాఖ్యాతకు ఇది పెద్ద తలనొప్పి, ఎందుకంటే మనకు నీ అంటే షష్ఠీ విభక్తి. నీ ఓటమి అంటే ఆయన ఓటమా, చదివేవాడి ఓటమా? సందర్భాన్నిబట్టి గ్రహించాలి.

2019 ఫిబ్రవరిలో జపాన్‌లోని ఫుకువోకాలో ఎవో జపాన్ జరిగింది. లాహోర్ నుంచి అర్స్‌లాన్ సిద్దిఖీ అనే కుర్రాడు, ఆటపేరు అర్స్‌లాన్ యాష్, వీసా చిక్కులు దాటి, విమానాలు మారి, అలసిపోయి అక్కడికి చేరాడు. అర్స్‌లాన్ అంటే తుర్కీలో సింహం. సింహాసనానికి తగిన పేరే. ఫైనల్లో ఫిలిప్పీన్స్ ఆటగాడు ఏకేని ఓడించి కప్పు పట్టుకున్నాడు. అంతవరకు అతని పేరు విన్నవాళ్లే తక్కువ. గెలిచినవాడు గర్వంగా నాలుగు మాటలంటాడని చూస్తే, మా దేశంలో నా అంతవాళ్లు ఇంకా ఉన్నారన్నాడు. ఇది వినయమా, బెదిరింపా అని కొరియాలో చర్చ జరిగే ఉంటుంది.

చర్చతో ఆగకుండా నీ స్వయంగా లాహోర్ వెళ్లాడు. పండితుడు పొరుగు రాజ్యానికి వాదానికి వెళ్లినట్టు. అక్కడి కుర్రాళ్లతో కూర్చుని ఆడాడు, కొందరి చేతిలో ఓడాడు కూడా. అంటే అర్స్‌లాన్ చెప్పింది వినయం కాదు, సమాచారం. అదే ఏడు ఆగస్టులో లాస్ వెగాస్ ఎవో ఫైనల్లో అర్స్‌లాన్ నీని ఓడించాడు. ఒకే ఏడాదిలో రెండు ఎవోలు. మళ్లీ 2023లో, 2024లో లాస్ వెగాస్ గద్దె అతనిదే. ఈలోగా ఆతిఫ్ బట్ అనే మరో పాకిస్తానీ, ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగిన 2022 టెక్కెన్ వరల్డ్ టూర్ ఫైనల్స్ గెలిచాడు. ఇంకా ఉన్నారన్న మాటకు అది సాక్ష్యం.

దీనికి కారణం ఏమిటని అడిగితే దేశభక్తి, ఆహారం, గాలి, నీరు అని రకరకాలుగా చెబుతారు. నాకు కనిపించే కారణం బల్ల మీద ఉంది. అర్స్‌లాన్ ఇంట్లో ఇంటర్నెట్ మీద కాదు, లాహోర్ ఆర్కేడుల్లో, మొదట కింగ్ ఆఫ్ ఫైటర్స్ ఆడుతూ పెరిగాడు. కొరియా వాళ్లు సియోల్ ఆర్కేడుల్లో పెరిగారు. రెండుచోట్లా గెలిచినవాడి వెనక పదిమంది నిలబడి ఉంటారు, చేతిలో బిళ్ల పట్టుకుని, అతని చేతుల్ని చూస్తూ. ఓడితే లేవాలి, మళ్లీ కూర్చోవాలంటే డబ్బు. డబ్బు లేని కుర్రాడికి ఓడకుండా ఉండటం ఒక్కటే దారి. అతను కూర్చున్నంతసేపూ నిలబడ్డవాళ్లు నేర్చుకుంటూనే ఉంటారు. దేశాల వైరం అని మనం పెద్ద అక్షరాల్లో రాసేది చాలావరకు ఏ సందులో క్యూ పొడుగ్గా ఉంది అనే లెక్కే.

ఇక్కడొక ఒప్పుకోలు. పాకిస్తానీ గెలిస్తే గుంటూరువాడికి పళ్లు పటపటమనాలి కదా, క్రికెట్‌లోలాగ? నాకు అనలేదు. మనవాళ్లెవరూ ఆ ఫైనల్ దరిదాపుల్లో లేరన్నది ఒక కారణం. లాహోర్ వీడియోల్లో కుర్రాళ్లు ఒకరి భుజం మీద ఒకరు వాలి తెర చూసే తీరు అచ్చం మా కొట్టులోదే అన్నది రెండోది.

"ఘనుడెవ్వడైనను": ఘనుడు అంటే గొప్పవాడు, ఘనుడివేరా అంటే వేరే. పద్యంలో దేశం పేరు లేదు, కాబట్టి ఏ దేశమైనా పూరించుకోవచ్చు. స్ట్రీట్ ఫైటర్ ఎవోలో 2012లో కొరియా, 2013లో సింగపూర్, 2014లో ఫ్రాన్స్, 2018లో బ్రిటన్, 2023లో అరబ్ ఎమిరేట్స్ పూరించుకున్నాయి. ఫ్రాన్స్ వాడు లఫీ చేతిలో ఉన్నది మొదటి ప్లేస్టేషన్ నాటి పాత కంట్రోలర్. మా కొట్టులోదీ అదే రకం, కాకపోతే మాదాంట్లో చతురస్రం బటన్ లోపలికి దిగితే పైకి వచ్చేది కాదు.

జెండా నిజంగా ఎగిరింది హాంగ్‌ఝౌలో. 2022 ఆసియా క్రీడలు 2023లో జరిగినప్పుడు స్ట్రీట్ ఫైటర్ 5 పతకాల ఆట. మన దేశం నుంచి ఇద్దరు వెళ్లారు, పతకం రాలేదు. స్వర్ణం కొరియావాడు కిమ్ గ్వాన్‌వూది, వయసు 44. ఈస్పోర్ట్స్‌లో కొరియాకు ఆసియా క్రీడల తొలి స్వర్ణం అదే. నలభై నాలుగేళ్లవాడు గేమ్ ఆడి జాతీయగీతం వాయింపించాడని తెలిశాక, మా నాన్న నన్ను కొట్టులోంచి చెవి పట్టుకుని లాక్కొచ్చిన రోజు గురించి ఆయనతో ఒకసారి ప్రస్తావించాను. "వాడికి వచ్చింది స్వర్ణం. నీకు వచ్చింది లెక్కల్లో 31" అన్నారు. ఆక్షేపానికి సమాధానం లేదు.

"మరునిమిషము": మరునిముసము అని పాఠాంతరం, గణాలు చెడవు. నిమిషం అంటే రెప్పపాటు అని సంస్కృతార్థం, అరవై క్షణాలని గడియారపు అర్థం. కొట్టులో రెండూ కాదు. మూడు రౌండ్లు. స్టూలు మీద కూర్చున్నవాడు నాలుగో గెలుపు దగ్గర ఉండగా వెనకనుంచి ఒక చిన్న చెయ్యి వచ్చి టీవీ మీద రెండు రూపాయల బిళ్ల పెట్టేది, తరువాత నేను అని. ఆ చప్పుడు వినగానే వాడి బొటనవేలు కొద్దిగా తడబడేది. నేను చూశాను.

ఛందోవిషయం

ఆటకు ఆటవెలది. రెండో పాదంలో ప్రాసయతి. 'మీది' తరువాత 'వ్రాత' రావడం వల్ల 'ది' గురువు కాదా అని గొడవ పెట్టేవారు విడి మాటల మధ్య ఆ నియమం పట్టదని గ్రహించి కూర్చోగలరు, స్టూలు ఖాళీ ఉంటే.

ఫలశ్రుతి

ఈ పద్యాన్ని కొట్టులో నిలబడి తప్పులేకుండా చదివినవారికి ఒక ఆట ఉచితమని నా నోటు పుస్తకపు ప్రతిలో ఉంది. యజమానికి చూపించాను. ఆయన బల్ల మీద రెండో వాక్యం వైపు వేలు చూపాడు.